పూడిపోయిన ఏటిలో యురేనియం: నాలుగో పాఠం

పోయిన పాఠం గ్రానైటు దగ్గర ఆపాం. మన కోనసీమలో గ్రానైటంటే వంటింటి గట్టు మీది బండే, ఎంత లోతు బోరు వేసినా మనకు తగిలేది ఇసుకా బంకమట్టే. గ్రానైటులో సగటున టన్నుకు 4 గ్రాముల దాకా యురేనియం ఉంటుందని చెప్పుకున్నాం. గని తవ్వడానికి అది చాలదు. ఆ గ్రాముల్ని ఏరి ఒకచోట పోగెయ్యాలి. ఆ పని నీళ్ళు చేస్తాయి. ఎలాగో చూడ్డానికి ఒక బకెట్ చాలు.

పొద్దున్నే బోరు నీళ్ళు పట్టి పెట్టండి. మన ఊళ్ళలో చాలాచోట్ల పట్టినప్పుడు తేటగా ఉన్న నీళ్ళే సాయంత్రానికి ఎర్రబడి, అడుగున చిలుము దిగుతుంది. భూమిలోపల గాలి తగలనంతసేపూ ఇనుము నీళ్ళలో కరిగే ఉంటుంది. ఆక్సిజన్ తగలగానే తుప్పయి విడిపోతుంది. యురేనియం తీరు దీనికి పూర్తిగా ఎదురు. ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో కరిగి ప్రయాణం చేస్తుంది, ఆక్సిజన్ అయిపోయినచోట దిగబడిపోతుంది. ఈ పాఠంలో ఇంకేం మరిచిపోయినా ఈ ఒక్క మాట మరవకండి.

ఇప్పుడు దారి పట్టండి. వాన నీరు గ్రానైటు పగుళ్ళలోకి దిగి యురేనియాన్ని కరిగించుకుంటుంది. పల్లానికి పారి, ఎప్పుడో పూడిపోయిన ఏటి ఇసుకలో చేరుతుంది. పైనా కిందా బంకమట్టి ఉంటే ఆ ఇసుకే దానికి కాలువ. అందులో కుళ్ళిన కొయ్య, ఆకు, గంధకం కలిసిన ఇనుప రాయి ఉన్నచోట నీళ్ళలోని ఆక్సిజన్ హరించుకుపోతుంది. యురేనియం అక్కడే ఆగుతుంది. నీళ్ళు వచ్చిన వైపు ఇసుక పసుపుగా, ఎర్రగా ఉంటుంది. ముందు వైపు బూడిదరంగు. మనం వెతికేది ఆ రెండు రంగులూ కలిసే గీతనే. దక్షిణ ఆస్ట్రేలియాలో బెవర్లీ, హనీమూన్ నిక్షేపాలు ఇలాంటి పాత ఏటి ఇసుకల్లోనే దొరికాయి.

రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని పొలం గట్ల మీద తిరిగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. అర మీటరు మట్టి కప్పితే చాలు, కింది గామా కిరణాలు దాదాపు పైకి రావు. పైగా మన సముద్రతీరపు నల్ల ఇసుక మీద మీటరు మోగితే యురేనియమని సంబరపడతారు. అది ఎక్కువగా మోనజైటు అనే ఖనిజంలోని థోరియం, అదీ కిరణాలు వెదజల్లేదే. కిరణాల్ని శక్తిని బట్టి విడదీసి చూపే స్పెక్ట్రోమీటరులో థోరియం గీత 2614 దగ్గర, యురేనియం వైపుది 1764 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపిస్తుంది. పూడిన ఏటిని పట్టాలంటే ముందు నేలలోకి కరెంటు పంపి ఇసుకకీ బంకకీ తేడా కొలవాలి, తర్వాత బోరు వేసి, మీటరునే అందులోకి దించాలి.

యురేనియం అన్వేషణ మన చేతిలో పని కాదు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అణు ఖనిజాల డైరెక్టరేట్ చూసుకుంటుంది. కానీ పాత పాయని చదవడం మనమూ నేర్చుకోవచ్చు, దానికి గోదావరి డెల్టా కంటే మంచి బడి లేదు. మా పెరట్లో బోరు వేసినప్పుడు మేస్త్రి పైపు పైపుకీ వచ్చిన ఇసుకని విడిగా కుప్ప పోశాడు. ఆరో కుప్పలో వేలెడంత నల్ల కొయ్యముక్క వచ్చింది, గోటితో నొక్కితే మెత్తగా దిగింది, మురుగు కంపు. బూడిదరంగు ఇసుక, రేపు రాసుకుందాంలే అనుకున్నాను. మర్నాటికి ఆరి పసుపు తిరిగింది.

అందుకే ఈ వారం పని: మీ వీధిలో బోరు పడితే పైపుకో గుప్పెడు ఇసుక కవర్లో వేసి, లోతు రాసి, రంగు మాత్రం తడి మీదే రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ కవర్లనే వరసలో పెట్టి పాత పాయ బొమ్మ గీద్దాం.