రాజ్యాంగం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: కూడికతో పట్టుబడే వీటో

మయన్మార్ 1947 రాజ్యాంగాన్ని పోయిన పాఠంలో చూశాం. షాన్, కరెన్నీ రాష్ట్రాలకు పదేళ్ల తర్వాత విడిపోయే హక్కు ఇచ్చిన రాజ్యాంగం అది. 1962లో సైన్యాధిపతి నె విన్ తిరుగుబాటుతో దాని కథ ముగిసింది. 1974 నాటిది ఒకే పార్టీ రాజ్యాంగం, మన ఇవాళ్టి పనికి అది అక్కర్లేదు. నేరుగా 2008కి వద్దాం.

కొత్త రాజ్యాంగం చేతికొస్తే చాలామంది పీఠికతో మొదలుపెడతారు. మీరు మాత్రం ముందు సవరణ సెక్షన్ తీయండి. దాన్ని మార్చాలంటే ఎవరి సంతకం తప్పనిసరో తెలిస్తే, అసలు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుస్తుంది.

2008 రాజ్యాంగంలో అది 436వ సెక్షన్. సవరణకు పార్లమెంటు మొత్తం సభ్యుల్లో 75 శాతం కంటే ఎక్కువ మంది ఒప్పుకోవాలి. ముఖ్యమైన సెక్షన్లకైతే ఆ తర్వాత రిఫరెండం, అంటే ప్రజలే నేరుగా ఓటేసి తేల్చడం కూడా ఉంటుంది. అందులో పోలైన ఓట్లలో సగం దాటితే చాలదు, ఓటు హక్కున్న వారందరిలో సగం దాటాలి.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. సీట్ల లెక్క 109, 141 సెక్షన్లలో ఉంది. దిగువ సభలో 440: ఎన్నికయ్యేవి 330, సైన్యాధిపతి నింపేవి 110. ఎగువ సభలో 224: ఎన్నికయ్యేవి 168, సైన్యానివి 56. మొత్తం 664లో 75 శాతం 498. ఎన్నికైన సభ్యులు ఎంతమంది? 330, 168 కలిపితే సరిగ్గా 498! కానీ సెక్షన్ అడిగేది 75 శాతం కాదు, అంతకంటే ఎక్కువ. అంటే 499. దేశమంతా ఒకే పార్టీకి ఓటేసి అన్ని సీట్లూ గెలిపించినా, యూనిఫాంలో ఉన్న ఒక్కరైనా చెయ్యెత్తాల్సిందే. సైన్యానికి వీటో, అంటే అడ్డుకునే అధికారం, ఉందని ఎక్కడా రాయకుండానే వీటో ఇచ్చేశారు. రాసినవాళ్ల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది, కోపంతోనే అనుకోండి.

ఇది ఊహ కాదు. 2015 జూన్‌లో ఈ 75ను 70కి తగ్గించే బిల్లు ఓటింగ్‌కు వచ్చి వీగిపోయింది. భార్యో, భర్తో, పిల్లలో విదేశీ పౌరులైతే అధ్యక్ష పదవికి అనర్హులనే 59(ఎఫ్) అలాగే మిగిలింది. ప్రజాస్వామ్య ఉద్యమ నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ కొడుకులు బ్రిటిష్ పౌరులు, కాబట్టి ఆమె అధ్యక్షురాలు కాలేకపోయారు. 2016లో ఆమె పార్టీ 436 జోలికి పోకుండా, మామూలు చట్టంతో ఆమె కోసం స్టేట్ కౌన్సెలర్ అనే కొత్త పదవి సృష్టించింది. మార్చలేని గోడ పక్కన ఖాళీ స్థలం వెతకడం కూడా రాజ్యాంగం చదవడంలో భాగమే.

అభ్యాసం: 73, 417 సెక్షన్లు కలిపి చదవండి. ఎమర్జెన్సీ ప్రకటించాల్సింది అధ్యక్షుడు. సైన్యం తిరుగుబాటు చేసిన 2021 ఫిబ్రవరి 1న అధ్యక్షుడు విన్ మింట్ నిర్బంధంలో ఉన్నారు. సైన్యం తరఫున ఉపాధ్యక్షుడైన మింట్ స్వే తాత్కాలిక అధ్యక్షుడిగా సంతకం పెట్టారు. అధ్యక్ష పదవి ఖాళీ అయితే ఉపాధ్యక్షుడు తాత్కాలికంగా ఆ పదవిలోకి వస్తారని చెప్పేది 73వ సెక్షన్; ఆ ఖాళీ నిజంగా ఏర్పడిందా? మీ జవాబు అర పేజీలో రాసి ఉంచండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.