ఏటి ఉద్యోగం

"ఏటి ఉద్యోగమే నీది?" అని మా అమ్మమ్మ అడిగినప్పుడల్లా "అవునమ్మమ్మా, ఏటి ఉద్యోగమే" అంటాను. హిరమండలం దగ్గర వంశధార ఒడ్డున పుట్టాను. పదకొండేళ్లుగా దేశాల సరిహద్దులు దాటే నదుల్లో నీటి నాణ్యత చూస్తున్నాను. ఈ పనిలోకి ఎలా రావాలని మన శ్రీకాకుళం పిల్లలు అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నా.

ముందు మన ఏటితోనే మొదలుపెట్టండి. వంశధార ఒడిశాలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్ల మీద ఆంధ్ర, ఒడిశాల తగవు తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది: గొట్టా బ్యారేజీ దగ్గర లెక్కకట్టిన 115 టీఎంసీలు రెండు రాష్ట్రాలకూ చెరి సగం. అది చదివాక 1996 గంగా ఒప్పందం చదవండి, చిన్నదే. జనవరి 1 నుంచి మే 31 దాకా పదేసి రోజుల లెక్క. పశ్చిమ బెంగాల్‌లో గంగ మీదున్న ఫరక్కా బ్యారేజీకి 70 వేల క్యూసెక్కులు, అంతకు తక్కువ వస్తే భారత్, బంగ్లాదేశ్‌లకు చెరి సగం. సగమనడం తేలికే. ఎవరు, ఎక్కడ, ఏ రోజు కొలిచిన దాంట్లో సగం అన్న దగ్గరే పేచీ. మన ఉద్యోగం ఉన్నదీ అక్కడే.

డిగ్రీలో కెమిస్ట్రీ గానీ జియాలజీ గానీ ఉంటే మంచిది. పీజీకి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, గేట్ రాస్తే ఐఐటీ రూర్కీలో హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం. నెదర్లాండ్స్‌లో ఐహెచ్ఈ డెల్ఫ్ట్ ఈ చదువుకి పేరున్న చోటు. కానీ ఎరాస్మస్ ముండస్ లాంటి స్కాలర్‌షిప్ వస్తేనే బయటికెళ్లండి. పొలం అమ్మి వెళ్తే మొదటి జీతాలు వడ్డీకి చాలవు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్, నది ప్రవాహాన్ని లెక్కగట్టే హెచ్ఈసీ-రాస్ సాఫ్ట్‌వేర్లు ఉచితం, ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

చేతిపని మాత్రం ఏట్లో దిగితేనే వస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ పరీక్షే తీసుకోండి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీళ్లు పొర్లేదాకా నింపి, బిరడా ఏటవాలుగా జార్చి బిగించాలి. లోపల ఒక్క బుడగున్నా పారబోసి మళ్లీ పట్టాలి. వెంటనే మాంగనస్ సల్ఫేట్, ఆపైన ఆల్కలీ అయోడైడ్ అజైడ్ అనే రసాయనాలు వేసి తిప్పితే గోధుమరంగు మడ్డి దిగుతుంది. మడ్డి తెల్లగా ఉందంటే ఆ నీళ్లలో ఆక్సిజన్ లేనట్టే.

నా మొదటి ప్రాజెక్టులో సీసాలన్నీ చక్కగా పట్టాను, నోట్‌బుక్‌లో తేదీ కూడా రాశాను. టైం రాయలేదు. మేం పట్టింది తెల్లవారుజామున, అవతలి దేశం వాళ్లు మధ్యాహ్నం. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తీసుకుంటుంది. మా అంకెలు తక్కువ, వాళ్లవి ఎక్కువ. మీటింగులో "మీదే తప్పు" అంటే "మీదే" అనుకున్నారు. టైం ఉంటే పది నిమిషాల్లో తేలేది. చివరికి ఆ సీజన్ డేటా మొత్తం పక్కన పడేశారు. వారం రోజులు అన్నం సయించలేదు నాకు.

ఉద్యోగాలకు కొలంబో కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ ప్రకటనలు చూస్తుండండి, ఇంటర్న్‌గా అయినా సరే. ఈ రంగంలో చాలావరకు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులే. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లకు అది ముందే చెప్పేయండి, తర్వాత టెన్షన్ ఉండదు.

ఈ ఆదివారం గొట్టా వెళ్తే ఒక నోట్‌బుక్, పెన్సిల్ పట్టుకెళ్లండి. పెన్ను వద్దు, తడిస్తే ఇంకు అలుక్కుపోతుంది.