కథ రాద్దాం – 4వ పాఠం: ఈ సన్నివేశాన్ని ఎవరు చూస్తున్నారు?

కిందటి పాఠంలో ఒక పాత్రకు ఒక అవసరం, దానికో అడ్డంకి పెట్టి పేజీడు సన్నివేశం రాయమన్నాం. ముడిసరుకు కూడా ఇచ్చాం: గుంటూరు మిర్చి యార్డు, మార్చి నెల, 40 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతు, అనుకున్న ధర దక్కని పరిస్థితి. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈసారి కొత్త కథేమీ లేదు, అదే పేజీని తిరగరాస్తాం.

కొత్తగా రాసేవాళ్ళ కాగితాల్లో ఇలాంటి పేరా తరచు కనబడుతుంది:

"సాంబయ్య టిక్కీల మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఈ ధర రాకపోతే కూతురి ఫీజు ఎలా కట్టాలా అని గుండె దడదడలాడుతోంది. కొనేవాడు మచ్చు తీసి కాయ విరిచాడు. సరుకు బాగానే ఉంది, తేమ వంక పెడితే క్వింటాలుకు 500 తగ్గించొచ్చు అనుకున్నాడు. పక్కనున్న గుమాస్తాకు సాంబయ్యను చూస్తే జాలేసింది."

అయిదు వాక్యాల్లో మూడు మనసుల్లో దూరి వచ్చాం. కొనేవాడి ఎత్తు ముందే విప్పి చెప్పేశాం కాబట్టి, తర్వాత అతను "తేమ ఉంది" అన్నప్పుడు పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. బేరం జరగకముందే తేలిపోయింది. సాంబయ్య పక్కన నిలబడి, ఇతను నిజం చెబుతున్నాడా లేదా అని తనూ అనుమానపడాల్సిన పాఠకుడు, పైనుంచి తమాషా చూసే మనిషైపోయాడు. గుమాస్తా జాలి ఇంకా దండగ. పాఠకుడు పడాల్సిన జాలిని అతనే పడేశాడు.

ఇప్పుడు సాంబయ్యను దాటి బయటికి పోకుండా రాద్దాం:

"కొనేవాడు టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీశాడు. ఒకటి విరిచాడు. పుటుక్కుమంది. తేమున్న కాయ అలా విరగదు. సాంబయ్యకు ఊపిరాడింది. 'తేమెక్కువుంది బాబాయ్' అన్నాడు కొనేవాడు, మిగతా కాయలు తన సంచిలో పోసుకుంటూ. గుమాస్తా తల వంచుకుని చిట్టా పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు."

కొనేవాడి మనసు గురించి ఒక్క ముక్క లేదు. అయినా అబద్ధం తెలిసిపోయింది, ఎందుకంటే కాయ చప్పుడు పాఠకుడూ విన్నాడు. గుమాస్తా జాలి వంచిన తలలోకి వెళ్ళింది. అది జాలో, భయమో, అలవాటో పాఠకుడే తేల్చుకుంటాడు.

కథ చెప్పే తీర్లు మోటుగా నాలుగు. "నేను" అంటూ ఒక పాత్రే చెప్పడం ఉత్తమ పురుష. "అతను" అంటూనే ఒక్కడి మనసుకు అంటిపెట్టుకోవడం రెండోది. ఎవరి మనసులోకీ పోకుండా కనబడింది, వినబడింది మాత్రమే రాయడం మూడోది. అందరి మనసులూ తెలిసిన సర్వసాక్షి కథనం నాలుగోది. పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. 1,500 మాటల లోపు కథకు మొదట రెండోది పట్టుకోండి. సర్వసాక్షి కథనం తేలికనిపిస్తుంది గానీ చెయ్యి తిరిగినవాళ్ళకే లొంగుతుంది.

మరి ఎవరి కళ్ళు ఎంచుకోవాలి? ఎవరికి ఎక్కువ నష్టం జరుగుతుందో వాళ్ళవి అని మామూలుగా చెబుతారు. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: కథ మలుపు తిరిగే సంగతి ఎవరికి తెలియదు? 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' చూడండి. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కనబడదు, ఉత్తరం దొరుకుతుంది. కథనం అతని వెంటే నడుస్తుంది. అతనికి తెలిసిందే మనకూ తెలుస్తుంది, అతనితోపాటు మనమూ కంగారుపడతాం. కథనం ఒక్క వాక్యం పాటు కమలిని మనసులోకి వెళ్ళినా, ఆవిడ మంచం కిందే ఉన్న సంగతి బయటపడి ముగింపు చచ్చిపోయేది.

ఇక తెలుగులో రాసేవాళ్ళకు అదనంగా దొరికిన పనిముట్లు. వీటిని చాలామంది చూసుకోరు, చూపు దొర్లిపోయేది ఎక్కువగా ఇక్కడే.

మొదటిది రాకపోకల క్రియ. "గుమాస్తా కొట్లోకి వచ్చాడు" అంటే చూసే మనిషి కొట్లో ఉన్నట్టు. "వెళ్ళాడు" అంటే బయట ఉన్నట్టు. సాంబయ్య వాకిట్లో నిలబడి ఉండగా "వచ్చాడు" అని రాస్తే పాఠకుడికి ఎక్కడో కాలు మడతపడుతుంది, కారణం చెప్పలేడు.

రెండోది మర్యాద. సాంబయ్యకు షావుకారు "ఆయన", "అన్నారు". అదే మనిషి తోటి వ్యాపారికి "అతను", "అన్నాడు". బాకీ పడ్డవాడికి మనసులో "వాడు" కూడా కావచ్చు. కథనంలో ఏది వాడితే ఆ మెట్టు మీద నిలబడి చూస్తున్నట్టు లెక్క. మొదటి పేరాలో "అన్నారు" అని, మూడో పేరాలో కారణం లేకుండా "అన్నాడు" అంటే చూపు మారినట్టే. కారణం ఉంటే మాత్రం అది బంగారం. తూకం అయ్యాక, చిట్టా చేతికొచ్చాక, సాంబయ్య కథనంలో "ఆయన" కాస్తా "అతను" అయితే, కోపం వచ్చిందని వేరే రాయక్కర్లేదు.

మూడోది "అట", "కాబోలు", "ఏమో". చూసే పాత్ర ఎరగని సంగతి చెప్పాల్సి వస్తే ఇవే దారి. గుమాస్తా కళ్ళతో రాస్తూ "సాంబయ్య కూతురికి ఫీజు కట్టాలి" అనకూడదు, "ఫీజు కట్టాలట" అనొచ్చు. అలాగని వాక్యానికో "అట" వేస్తే కథ ఊరి కబుర్లైపోతుంది. పేజీకి రెండు మించనివ్వకండి.

దిద్దుకునే పద్ధతి ఇది. ఎర్రపెన్ను తీసుకుని "అనుకున్నాడు", "అనిపించింది", "భయమేసింది", "గుర్తొచ్చింది" లాంటి ప్రతి మాట కింద గీత గీయండి. ఆ మనసు ఎవరిదో మార్జిన్‌లో పేరు రాయండి. రెండో పేరు కనబడిన చోటల్లా ఆ వాక్యాన్ని చేతికో, గొంతుకో, చూపుకో మార్చండి, లేదా చూసేవాడి ఊహగా మార్చండి. ఒకే పేరున్న చోట్ల కూడా సగం కొట్టెయ్యొచ్చు. "ఘాటు వస్తున్నట్టు అతనికి అనిపించింది" ఎందుకు? "ఘాటుకు కళ్ళు మండాయి" చాలు.

చూసే మనిషి తన మొహం తాను వర్ణించుకోకూడదు. అతనికి రాని మాటలు కథనంలోనూ రాకూడదు: 40 టిక్కీల రైతు తేజ రకం కాయను చూసి "అరుణవర్ణ శోభ" అనుకోడు, "రంగు బాగా తిరిగింది" అనుకుంటాడు. ఇంకో దగా ఉంది. చూసే పాత్రకు మొదటినుంచీ తెలిసిన సంగతిని చివరిదాకా దాచి, ఆఖరి వాక్యంలో పేల్చడం. పోటీ కథల్లో ఇది తెగ కనబడుతుంది. పాఠకుడు ఒకసారి చప్పట్లు కొడతాడు, రెండోసారి నమ్మడు.

అభ్యాసం: మీ పేజీని మూడుసార్లు రాయండి, ఒక్కొక్కటి 25 వరుసలు. మొదటిది సాంబయ్య, రెండోది గుమాస్తా. మూడోది, పది అడుగుల దూరంలో కూర్చుని తొడిమలు తీస్తున్న కూలీ మనిషి. ఆవిడకు ధర వినబడదు. చేతులు, కండువా విదిలింపు, మళ్ళీ మూతి కుట్టిన టిక్కీ మాత్రమే కనబడతాయి. ఎక్కువ కష్టపెట్టేది ఇదే, ఎక్కువ నేర్పేదీ ఇదే. యార్డు చూడనివాళ్ళు విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సెక్కండి. వారధి దాటి మంగళగిరి వచ్చేలోపు సీటు దగ్గరో చిల్లర దగ్గరో ఒక తగువు పెట్టి, ప్రయాణికుడు, కండక్టరు, వెనక సీట్లో మనిషి చూసినట్టు మూడుసార్లు రాయండి.

మూడో ప్రతిని పారెయ్యకండి. ఆవిడకు వినబడని ఆ మాటల్నే 5వ పాఠంలో సంభాషణగా రాయబోతున్నాం.