ఎర్ర పీలిక పెట్టిన పేజీ

గుంటూరు బ్రాడీపేటలో మా కుట్టు దుకాణం. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మిషన్ల మీద గుడ్డ కప్పి, కటింగు బల్ల మీది బట్టలన్నీ బీరువాలో సర్ది, బల్ల చుట్టూ కుర్చీలు వేస్తాను. మొత్తం ఎనిమిది మందిమి. రిటైరైన తెలుగు మాస్టారు, మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టు గుమాస్తా, నర్సింగు చదివే అమ్మాయి, మా వీధి చివరి పిన్నిగారు, ఇంకో ముగ్గురు, నేను. ఆ నెలలో ఎవరు ఏం చదివారో ఆ బల్ల దగ్గర చెప్పుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్లందరూ మొదటిరోజు ఒకే మాట అంటారు: "చదవడం ఇష్టమేనండి, చెప్పడమే చేతకాదు." ఆరేళ్ల క్రితం నాకూ చేతకాలేదు. అప్పటి నుంచి నేర్చుకున్నవి, వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చినవి ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

చెప్పడానికి సిద్ధపడటం చదివేటప్పుడే మొదలుపెట్టండి. పుస్తకం మూసేశాక ఏం చెబుదామా అని ఆలోచిస్తే కథ ఒక్కటే గుర్తుంటుంది. మన మనసు ఎక్కడెక్కడ ఆగిందో మరిచిపోతాం. నేను లైనింగు ముక్కలు వాడతాను. జాకెట్టు కత్తిరించాక మిగిలిన అంచులను వేలెడు వెడల్పు, జానెడు పొడవు పీలికలుగా చించి డబ్బాలో వేసుకుంటాను. రెండే రంగులు. చదువుతూ చదువుతూ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలనిపించిన చోట ఎర్రది పెడతాను. ఇలా జరగదు, ఈ మాటకు నేను ఒప్పుకోను అనిపించిన చోట తెల్లది. నూలు ముక్కలే వాడండి, శాటిను జారిపోతుంది. కొత్త ఎర్రగుడ్డ రంగు వదులుతుంది కాబట్టి ముందే నీళ్లలో జాడించి ఆరబెట్టుకోండి. లైబ్రరీ పుస్తకానికి మరక అంటితే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది.

పీలిక ఎందుకు పెట్టానో ఎక్కడా రాసుకోను. నెలాఖరుకు పుస్తకం తెరిచి ఒక్కొక్క పేజీ చూస్తాను. ఎందుకు పెట్టానో వెంటనే గుర్తొస్తే ఉంచుతాను, రాకపోతే తీసేస్తాను. పదిహేను ఎర్రవి ఉన్న పుస్తకంలో చివరికి రెండో మూడో మిగులుతాయి. వాటిలో ఒక్కదాన్నే బల్ల దగ్గరికి తీసుకెళ్తాను.

నెలలో నాలుగు పుస్తకాలు చదివినా ఒక్కదాని గురించే చెప్పండి. మిగతా మూడింటి పేర్లు చివర్లో అంటే చాలు. ఆ ఒక్కటీ అన్నిటికంటే గొప్పది కానక్కరలేదు, మిమ్మల్ని ఇంకా వదలనిదై ఉంటే చాలు. మసాలా నూరుతున్నప్పుడో, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో ఏ పుస్తకం గుర్తొస్తోందో దాన్నే తెచ్చుకోండి.

ఇక ఎలా మొదలుపెట్టాలి? ఇక్కడ నేను చేసిన పెద్ద పొరపాటు చెప్పాలి.

ఒకసారి శారద నవల 'అపస్వరాలు' తీసుకొచ్చాను. శారద అసలు పేరు ఎస్. నటరాజన్. తమిళుడు. చిన్నతనంలోనే తెనాలి వచ్చి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ఆ తెలుగులోనే కథలూ నవలలూ రాసి, 1955లో ముప్పై దాటీ దాటకుండానే కన్నుమూశాడు. తెనాలి మనకు పక్కూరే కదా, ఆ సంగతులతోనే మొదలుపెట్టాను. అంతే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ గొంతు పూడుకుపోయింది. పిన్నిగారు కళ్లు తుడుచుకున్నారు. మాస్టారు ఆనాటి తెనాలి సాహిత్య వాతావరణం గురించి చెప్పారు. హోటల్ పనివాళ్ల జీతాల మీదికి మాట మళ్లింది. నలభై నిమిషాలు గడిచాయి. అందరూ లేచి చెప్పులు వేసుకుంటున్నప్పుడు చూశాను: పుస్తకం బల్ల మీద మూసిందే మూసినట్టుంది, ఎర్ర పీలిక బయటికి వేలాడుతోంది. ఆ మనిషి అంత కష్టపడి రాసిన దానిలోంచి ఒక్క వాక్యం కూడా ఎవరి చెవినా పడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి నెల మళ్లీ అదే పుస్తకం తెచ్చాను. ఈసారి ఏ పరిచయమూ లేకుండా పేజీ తెరిచి చదివాను. చదవడం అయ్యాకే రచయిత సంగతి రెండు మాటల్లో చెప్పాను. అప్పుడు మాట్లాడుకున్నది నవల గురించి. నలుగురు దాన్ని చదువుతామని అడిగి పేరు రాయించుకున్నారు. అప్పటి నుంచి మా బల్ల దగ్గర ఇదే పద్ధతి: ముందు పేజీ, తర్వాతే రచయిత. రచయిత జీవితం ఎంత కదిలించేదైతే అంత వెనక్కి జరపండి.

పేజీ చదవడం తేలిక పని కాదు. ముందురోజు ఇంట్లో గొంతెత్తి మూడుసార్లైనా చదువుకోవాలి. లోలోపల చదువుకున్నప్పుడు హాయిగా సాగిన వాక్యం పైకి చదివితే మధ్యలో ఊపిరి అందకుండా చేస్తుంది. ఎక్కడ ఆగాలో అప్పుడే తెలుస్తుంది. సంభాషణ ఉన్న పేజీ అయితే ఎవరి మాట ఎవరిదో వినేవాళ్లకు తెలియాలి. అలాగని నాటకంలోలా గొంతు మార్చనక్కరలేదు, మాట మారేచోట చిన్న విరామం ఇస్తే చాలు. నర్సింగు అమ్మాయి మొదటిసారి చదివినప్పుడు భయంతో రైలు బండిలా పరుగెత్తింది. మాస్టారు మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "అమ్మాయ్, చాలా బాగుంది. అదే పేజీ మా కోసం ఇంకోసారి చదువుతావా?" అన్నారు. రెండోసారి ఆ పిల్ల గొంతు నిలబడింది. కొత్తవాళ్లతో మనం ఎలా ఉండాలో ఆరోజు నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. చదివే భాగం రెండు నిమిషాలకు మించనివ్వకండి. మన మాటలు మరో ఐదు నిమిషాలు. మొత్తం ఏడు.

ఆ ఐదు నిమిషాల్లో ఏం చెప్పాలి? కథలో మూడోవంతు దాటకండి. అది కూడా పేజీ అర్థం కావడానికి కావలసినంతే. మొదలుపెట్టేముందు "ఇది ఇక్కడెవరైనా చదువుతున్నారా?" అని అడగండి. ఒకసారి నేను అడగకుండా ఒక నవల ముగింపు చెప్పేశాను. ఆ పుస్తకం అప్పటికే సగం చదివిన ఒకావిడ ఏమీ అనకుండా తన సంచిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. దాని మిగతా సగం ఆవిడ ఈనాటికీ చదవలేదు. ఆ సగం ఆవిడకు నేను తిరిగి ఇవ్వలేను.

మిగిలిన సమయంలో మీరు మాత్రమే చెప్పగలిగింది చెప్పండి. ఇది నేను గట్టిగా నమ్మే సంగతి. సమీక్షలో ఎవరైనా రాయగలిగిన మాటలు, అంటే శైలి, శిల్పం, పాత్రచిత్రణ లాంటివి, బల్ల దగ్గర ఎవరినీ కదిలించవు. మీ పని, మీ ఇల్లు, మీ ఊరు ఆ పేజీలో మీకు ఏం చూపించాయో అది చెప్పండి. మా గుమాస్తాగారు ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' మొదలుపెట్టారు. గుంటూరులో శారదానికేతనం స్థాపించిన ఉన్నవవారు జైల్లో ఉండి రాసిన నవల అది. 1922లో అచ్చయింది, తర్వాత అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పెద్ద పుస్తకం. సీజనులో యార్డు వదలి రావడానికే ఆయనకు తీరిక ఉండదు, వేసవిలో యార్డుకు సెలవులిచ్చాక పట్టుకున్నారు. నెల తిరిగేసరికి సగం కూడా కాలేదు, "పూర్తవలేదండి, వచ్చే నెల చెబుతాను" అన్నారు. వద్దు, ఎంతవరకు వచ్చారో అంతవరకే చెప్పండి అన్నాం. ఆయన కూలి తగాదా ఉన్నచోట పీలిక పెట్టుకొచ్చారు. పగలంతా బస్తాల లెక్కలు, హమాలీల కూలి లెక్కలు రాసే మనిషి కదా, ఆ తగాదాలో ఎవరికి ఎంత పోతుందో వేళ్ల మీద లెక్కవేసి చూపించారు. ఆ నవల మీద మాస్టారు ఎన్ని తరగతులకు పాఠం చెప్పారో, అయినా ఆ లెక్క తాను ఎప్పుడూ వేసి చూడలేదన్నారు. మరుసటి నెల ఇంకాస్త, ఆ మరుసటి నెల మిగతాది. లావుపాటి పుస్తకాలకు ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. పూర్తయ్యేదాకా ఆగితే మొదట్లో కలిగిన వేడి చల్లారిపోతుంది.

నచ్చనిది కూడా చెప్పాలి. తెల్ల పీలిక అందుకే. అయితే "ఈ రచయిత బాగా రాయడు" అంటే అక్కడితో మాట ఆగిపోతుంది. పేజీ తెరిచి, ఈ వాక్యం దగ్గర ఒప్పుకోలేకపోయాను అంటే మాట మొదలవుతుంది. ఒక పాత నవలలో కోడలు రాత్రి పది గంటలకు దీపం పెట్టుకుని కూర్చుని, తెల్లవారేసరికి ఆరు జాకెట్లు చేత్తో కుట్టేస్తుంది. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. చేతికుట్టుతో ఒక్క జాకెట్టుకే పూట పడుతుంది, చంక దగ్గర కుట్టు రెండుసార్లు వేయకపోతే నిలవదు. అదే చెప్పాను. మాస్టారు, "ఆవిడ కసి ఎంతటిదో చెప్పడానికి అలా రాశారమ్మా" అన్నారు. ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఇంటికెళ్లి ఆ అధ్యాయం మళ్లీ చదివాను. కసి సంగతి ఆయన చెప్పినట్టే కనిపించింది. ఆరు జాకెట్ల సంగతి మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

వినేటప్పుడు "బాగుందా?" అని అడగకండి. దానికి అవును తప్ప జవాబు రాదు. "ఎక్కడ ఆగారు?", "ఎవరి మీద కోపం వచ్చింది?" అని అడగండి. పిన్నిగారికి చూపు తగ్గింది. మనవడు రోజూ రాత్రి ఒక కథ చదివి వినిపిస్తాడు. పీలికలు పెట్టడానికి ఆవిడకు వీలుపడదు, కానీ నెలంతా విన్న కథల్లోంచి ఒకదాన్ని జ్ఞాపకంతో చెబుతారు. ఆవిడ చెబుతుంటే మేం ఎవరం మధ్యలో మాట్లాడం. చదివి వినిపించిన మనవడి పేరు కూడా తప్పకుండా చెబుతారావిడ.

పుస్తకం చేతులు మారకపోతే చెప్పిందంతా గాలికి పోయినట్టే. మాస్టారు తరచూ తలుచుకునే సంగతి ఒకటుంది: 1935లో పాతూరి నాగభూషణంగారు మన జిల్లాలోని పెదవడ్లపూడి నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు ఊరూరా పంపించారు. మనం బల్ల ఇవతలి నుంచి అవతలికి ఇవ్వలేమా అంటారు ఆయన. ఇవ్వండి, కానీ రాసుకుని ఇవ్వండి. కొలతల పుస్తకం లాంటిదే ఒకటి దీనికీ పెట్టాను: పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ, తిరిగొచ్చిన తేదీ. రెండు నెలల గడువు. తీసుకున్నవారు మూడోవారికి ఇవ్వకూడదు, ముందు బల్ల దగ్గరికి తేవాలి. ఈ నియమం లేనిరోజుల్లో మా నాన్న సంతకం ఉన్న కథల సంపుటి ఒకటి చేతులు మారి మారి ఎక్కడికో పోయింది. అదే పుస్తకం కొత్తది కొనుక్కున్నాను, సంతకం మాత్రం రాలేదు. కొనలేనివాళ్లకు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, అక్కడ కూర్చుని చదివి, పేజీ కాగితం మీద ఎత్తిరాసుకుని తెచ్చేవాళ్లూ మాలో ఉన్నారు.

జనవరి సంగతి వేరు. విజయవాడ పుస్తక మహోత్సవానికి అందరం కలిసి వెళ్తాం. స్వరాజ్య మైదానంలో జరిగిన రోజుల నుంచీ వెళ్తున్నాం, ఇప్పుడక్కడ అంబేడ్కర్ విగ్రహం ఉంది. తిరిగొచ్చేటప్పుడు ఏలూరు రోడ్డు కొట్లలోనూ, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గరా ఆగకుండా రాలేం. ఆ తర్వాత వచ్చే ఆదివారం సంచులు బల్ల మీద గుమ్మరించి చూపించుకోవాలనిపిస్తుంది. చూపించుకోండి, పావుగంట. ఆ తర్వాత సంచులు కిందపెట్టి, చదివిన వాటి గురించి మాట్లాడండి. కొన్నవి ఫిబ్రవరికో మార్చికో వస్తాయి.

మీ ఊళ్లో ఎనిమిది మంది దొరకరని అనుకోకండి. మా బల్ల ఇద్దరితో మొదలైంది. అప్పట్లో పుస్తకాన్ని మిషను సొరుగులో దాచుకుని, పని లేనప్పుడు తీసి చదివేదాన్ని. ఒకరోజు తొందరలో బల్ల మీదే వదిలేశాను. జాకెట్టు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ దాన్ని చూసి, పీలిక ఉన్న పేజీ దగ్గర వేలు పెట్టి, "ఇక్కడిదాకా వచ్చారా?" అని అడిగారు. ఆవిడ మా పిన్నిగారు. అప్పటికి ఆవిడకు చూపు బాగానే ఉండేది. మీరు కూడా పుస్తకాన్ని సంచిలో పెట్టుకోకండి. పనిచేసే చోట, పేరు పైకి కనిపించేలా పెట్టండి.