లూవ్ర్ మ్యూజియానికి తొలిసారి వెళ్లే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్ నుంచి పారిస్‌కు చదువుకోవడానికి వెళ్లినవారు మొదట చూసుకోవలసింది సెలవు రోజు: మన సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవైతే, లూవ్ర్‌ను మంగళవారం మూసివేస్తారు. ఫ్రాన్స్‌లో నివసించే 26 ఏళ్ల లోపువారికి ప్రవేశం ఉచితమే అయినా, వయసును, నివాసాన్ని నిర్ధారించే పత్రాలను వెంట ఉంచుకుని, ప్రవేశ సమయాన్ని ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. పెద్ద సూట్‌కేసులను లోపలికి అనుమతించరు. ఫ్లాష్ వాడరాదు.

77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే ఉన్న మోనాలిసా ముందు, ఫోన్లెత్తిన జనం మధ్య నిలబడి నిరాశపడేకన్నా (సాలార్‌జంగ్‌లోని మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని తీరిగ్గా చూసిన కళ్లకు ఆ తోపులాట కష్టంగానే ఉంటుంది), ఒక్కసారి వెనక్కి తిరిగి, ఎదురు గోడపై దాదాపు పది మీటర్ల వెడల్పున పరుచుకున్న వెరొనీస్ వర్ణచిత్రం ‘కానా వివాహం’లో, కుడివైపు ముందు భాగంలో కూజాలోంచి ద్రాక్షసారా వంపుతున్న సేవకుణ్ణి తప్పక చూడాలి.