కైగా దూరమే, అయినా గడ్డివాముకి పరదా కొని పెట్టుకోండి

మన పాలమూరు, నల్గొండ వైపు అణు రియాక్టర్ ఏదీ లేదు. కర్ణాటకలోని కైగా మహబూబ్‌నగర్‌కి గాల్లో కొలిస్తే 400 కిలోమీటర్ల పైనే, అక్కడ 220 మెగావాట్ల రియాక్టర్లు 4 ఉన్నాయి. అందుకే అక్కడ ఎంత పెద్ద ప్రమాదం జరిగిందని టీవీలో చూసినా పిల్లాపాపలతో బండెక్కి ఊరు విడవకండి. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు 20 కిలోమీటర్ల లోపు వాళ్ళని ఖాళీ చేయించారు, ఆ హడావిడిలో ఆసుపత్రి మంచాల మీది ముసలివాళ్ళు ఎందరో చనిపోయారు.

అక్కడి నుంచి లేచే రేడియోధార్మిక ధూళి మన దాకా వస్తే గాలిలో వస్తుంది, వానతో దిగుతుంది, గడ్డిలోంచి పాలలోకి పోతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి పడమర నుంచి మన వైపే కదా, నా భయం ఆ నాలుగు నెలల గురించే. 1986లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలినప్పుడు ఎక్కడో బ్రిటన్ కొండల మీద వాన పడింది, అక్కడి గొర్ల అమ్మకాల మీద ఆంక్షలు 2012 దాకా నడిచాయి. ఫుకుషిమా తర్వాతయితే కోసి పొలంలోనే వదిలేసిన వరిగడ్డి తిన్న పశువుల మాంసంలో సీసియం అనే రేడియోధార్మిక పదార్థం తేలింది. మనమూ వరి కోసి గడ్డి అట్లనే వదిలేస్తాం!

కాబట్టి వానాకాలానికి ముందే గడ్డివాము మొత్తం కప్పేంత పరదా కొనండి. హెచ్చరిక వచ్చిందంటే బర్రెలను, గొర్లను మేతకి తోలకుండా కొట్టంలోనే కట్టేసి, కప్పి ఉంచిన గడ్డి, జొన్న చొప్ప వేయండి. చెరువు నీళ్ళు వద్దు, బోరు నీళ్ళు పెట్టండి. మన బోర్లలో ఫ్లోరైడ్ బాధ ఉన్నమాట నిజమే, అయినా ఆ కొన్నాళ్ళకి అవే నయం.

బయట మేసిన పశువు పాలు మాత్రం అధికారులు సరే అనేదాకా పిల్లలకి పట్టొద్దు, కాచినా అందులోని అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్ పోదు. చెర్నోబిల్ చుట్టుపక్కల పిల్లలకి థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది ఎక్కువగా ఆ పాల వల్లే. ఆ అయోడిన్ 8 రోజులకోసారి సగమవుతుంది, అంటే మూడు నెలలు ఓపిక పడితే దాదాపు ఏమీ మిగలదు. సీసియం అట్ల కాదు, సగమవ్వడానికే 30 ఏళ్ళు.

ఇంట్లో ఉంటే తలుపులు, కిటికీలు వేసి కూలర్ బంద్ చేయండి, అది బయటి గాలినే లోపలికి లాగుతుంది. వానలో తడిసి వస్తే బట్టలు గడప బయటే విప్పి స్నానం చేయండి.

పొటాషియం అయోడైడ్ మాత్ర అధికారులు చెప్పకుండా మింగకండి, అది కాపాడేది థైరాయిడ్‌ని ఒక్కదాన్నే. దాని బదులు అయోడిన్ ఉప్పు తింటామంటే, పెద్దవాళ్ళ మాత్ర ఒక్కదాంట్లోని అయోడిన్ కోసం ఆరేడు కిలోల ఉప్పు తినాలి. గాయాలకి రాసే టింక్చర్ అయోడిన్ తాగితే ప్రాణం మీదికి వస్తుంది, ఈ మాట ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి పెట్టండి.