డిగ్రీ తర్వాత ఉద్యోగం – 4వ పాఠం: "మీ గురించి చెప్పండి"

మూడో పాఠం చివర ఒక పని ఇచ్చాను. డిగ్రీ చదివిన మూడేళ్లలో, అది అయిపోయాక, మీరు స్వయంగా చేసిన పనులన్నీ ఒక కాగితం మీద రాయమన్నాను. జీతం వచ్చిందా రాలేదా అని చూడొద్దని కూడా చెప్పాను. తెచ్చి చూపించిన కాగితాల్లో చాలావాటిలో మూడు నాలుగు లైన్లే ఉన్నాయి. "ఏం చెయ్యలేదు సార్, ఇంటికాడ ఖాళీగనే ఉన్న" అన్న మాటే ఎక్కువగా విన్నాను. ఆ మాట నాకు బాధ కలిగించింది. ఎందుకంటే అది నిజం కాదు.

ఇంటర్వ్యూ ఎక్కడైనా మొదటి ప్రశ్న సాధారణంగా ఇదే: "మీ గురించి చెప్పండి." దీనికి జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది. ఈ పాఠమంతా ఆ ఒక్క జవాబు తయారు చేసుకోవడం గురించే.

దేవరకద్ర దిక్కు ఊరి అమ్మాయి ఒకామె నా దగ్గరికి వచ్చింది. బీఎస్సీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ట్రైనీ పోస్టుకు అప్లై చేసింది. నేను కంపెనీ వాళ్లలాగా బల్లకు ఇవతల కూర్చుని, మీ గురించి చెప్పండి అన్నాను. టక్కున మొదలుపెట్టింది. పేరు, ఊరు, నాన్న రైతు, అమ్మ గృహిణి, తమ్ముడు ఇంటర్, పాటలు వినడం హాబీ, హార్డ్ వర్కర్, క్విక్ లెర్నర్. అంతా ఇంగ్లీషులో, ఊపిరి తీసుకోకుండా. సీనియర్ ఎవరో రాసిచ్చారట, రాత్రంతా బట్టీ పట్టింది. అదే కాగితం ఆ హాల్లో కూర్చున్న మిగతావాళ్ల దగ్గరా ఉంటుంది. విన్నవాళ్లకు ఈ అమ్మాయి ఎవరో తెలియదు.

"మొన్న యాసంగి వడ్లప్పుడు ఏం చేసినవ్ బిడ్డా?" అని అడిగాను.

"ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ల కాంటా బుక్కు రాసిన సార్. అది జాబ్ కాదు కదా."

"రోజుకు ఎన్ని బస్తాలు?"

"ఐదారు వందలు. లారీ వచ్చిన రోజు ఇంకా ఎక్కువ."

"తేమ ఎవరు చూసేది?"

"మిషన్ పెట్టి నేనే చూసేదాన్ని. 17 దాటితే ఆరబోయమని చెప్పేది."

"అంకె తప్పు పడితే?"

"ఒక గీత కొట్టి పక్కన మళ్ల రాసి, సెంటర్ సార్ సంతకం పెట్టించేదాన్ని. పాత అంకె కనపడాలె సార్, లేకుంటే రైతులు నమ్మరు."

ఇక్కడ ఆగండి. మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరినవాళ్లకు మొదట్లోనే నేర్పే విషయాల్లో ఇదొకటి. రిజిస్టర్‌లో తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, అంకె మీద అంకె దిద్దకూడదు. పాతది చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. ఎందుకు మార్చారో కూడా రాయాలి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందు చూసేది ఈ రాతలనే. కాగితం మీద లేని పరీక్ష చేయనట్టే లెక్క. ఈ అమ్మాయి ఆ క్రమశిక్షణ కల్లంలో, ఎండలో, వందమంది రైతుల ముందు నేర్చుకుంది. నేర్చుకుని, అది పని కాదనుకుంది.

ఇద్దరం కూర్చుని జవాబు మళ్లీ రాశాం. ఇదీ ఆ జవాబు:

"నమస్తే సార్. బీఎస్సీ పూర్తి చేశాను. ల్యాబ్‌లో టైట్రేషన్లు, సాల్ట్ అనాలిసిస్ చేశాను. పోయిన రెండు సీజన్లు మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా పుస్తకం రాశాను, రోజుకు 500 బస్తాల పైన. మిషన్‌తో తేమ చూసి, 17 శాతం దాటకపోతేనే కాంటాకు పంపేవాళ్లం. అంకె తప్పు పడితే పాతది కనపడేలా గీత కొట్టి, సరిచేసి, సంతకం పెట్టించేదాన్ని. కొలవడం, కొలిచింది కొలిచినట్టు రాయడం నాకు అలవాటైన పని. క్యూసీలో ఉండేది అదే కాబట్టి ఈ పోస్టుకు అప్లై చేశాను."

చదివి చూడండి, నిమిషం కూడా పట్టదు. ముందు చదువు, తర్వాత చేసిన పని, ఆ పనిలో ఒక నిజమైన వివరం, చివర ఈ పోస్టే ఎందుకు. నాన్న, అమ్మ, తమ్ముడు లేరు. వాళ్ల గురించి అడిగితే చెప్పొచ్చు. హార్డ్ వర్కర్ అన్న మాట కూడా లేదు, 500 బస్తాలు ఆ సంగతి చెప్పేశాయి.

ఇంకో సంగతి గమనించండి. మీరు చెప్పే ప్రతి మాటా అవతలివాళ్ల చేతికి తర్వాతి ప్రశ్న అందిస్తుంది. తేమ అన్నారు కాబట్టి "మందు పొడిలో తేమ ఎలా చూస్తారు?" అని అడగొచ్చు. అందుకే ఆ అమ్మాయి చేత అది ముందే చదివించాను: శాంపిల్‌ను తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి తగ్గిన బరువు లెక్కగట్టే పద్ధతి ఒకటి, నీటిని మాత్రమే కొలిచే కార్ల్ ఫిషర్ టైట్రేషన్ ఒకటి. టైట్రేషన్ (గాఢత తెలిసిన ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ తెలియనిదాని గాఢత కనుక్కోవడం) అన్నారంటే "ఇండికేటర్ ఏది వాడారు, రంగు ఎటు నుంచి ఎటు మారింది?" అని అడుగుతారు. ఆమ్లం ఫ్లాస్క్‌లో, సోడియం హైడ్రాక్సైడ్ బ్యూరెట్‌లో ఉంటే ఫినాల్ఫ్తలీన్ రంగు లేకుండా ఉండి లేత గులాబీకి మారుతుంది. చెప్పలేని విషయాన్ని జవాబులోకి తేవొద్దు. చెప్పగలిగిన విషయాన్ని మాత్రం కావాలనే తెండి, ప్రశ్న అటే వస్తుంది.

బీకాం వాళ్లకు ఈ లెక్క ఇంకా తేలిక. మామ కిరాణా షాపులో ఉద్దెర ఖాతా రాసినా, ఎరువుల దుకాణంలో బిల్లులు కొట్టినా అది అకౌంట్స్ పనే. స్టాక్ ఎలా సరిచూశారు, బాకీ ఎలా వసూలు చేశారు అనేది చెప్పండి. బీఏ వాళ్లు సర్వే పనులు, ఎన్నికల డ్యూటీలో సాయం, ట్యూషన్లు మర్చిపోతుంటారు. పదిమంది పిల్లలకు రెండేళ్లు ట్యూషన్ చెప్పినవారికి ఓపికగా వివరించడం వచ్చు. కస్టమర్లతో మాట్లాడే ఏ ఉద్యోగానికైనా అది కావాలి.

మన పాలమూరు, నల్లగొండ పిల్లల్లో చాలామందికి ఇంకో భయం ఉంటుంది: గ్యాప్. గ్రూప్స్ కోసం లైబ్రరీలో రెండేళ్లు కూర్చున్నారు, రాలేదు. దాన్ని దాచడానికి ఏదో కంపెనీలో చేశానని అబద్ధం రాస్తే ఒక్క ఫోన్‌తో బయటపడుతుంది. నేరుగా చెప్పండి: "రెండేళ్లు గ్రూప్స్‌కు చదివాను సార్, సెలెక్ట్ కాలేదు. ఇప్పుడు ఈ రంగంలో నిలబడాలని నిర్ణయించుకున్నాను." ఆ తర్వాత "మళ్లీ నోటిఫికేషన్ వస్తే పోతావా?" అని అడుగుతారు. ఆ జవాబు ఇంట్లో వాళ్లతో మాట్లాడి, మీకు మీరు తేల్చుకుని వెళ్లండి. షిఫ్టుల సంగతీ అంతే. రాత్రి షిఫ్టుకు ఇంట్లో ఒప్పుకుంటారో లేదో ఇంటర్వ్యూ గదిలో ఆలోచించడం మొదలుపెడితే మొహంలో తెలిసిపోతుంది.

ఇంగ్లీషు గురించి చాలామంది అడిగారు. ఫ్యాక్టరీ, ల్యాబ్, గోడౌన్ ఉద్యోగాలకు మొదటి రెండు మూడు వాక్యాలు ఇంగ్లీషులో సిద్ధం చేసుకుని, తర్వాత "టెక్నికల్ పదాలు ఇంగ్లీషులో చెప్తాను సార్, మధ్యలో తెలుగు కలపొచ్చా?" అని అడగడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. వచ్చీరాని ఇంగ్లీషులో చేసిన పని చెప్పలేకపోవడం కన్నా అది నయం. హైదరాబాద్‌లో ఫోన్ మీద కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలకు మాత్రం ఇది కుదరదు, అక్కడ ఇంగ్లీషే పని.

ఇక సాధన. జవాబు రాసుకున్నాక కాగితం పక్కన పెట్టి ఫోన్‌లో రికార్డ్ చేయండి. వినండి. "అంటే... అంటే..." ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మళ్లీ చెప్పండి. మూడోసారికి మాటలు కొద్దిగా మారతాయి, మారనివ్వండి. బట్టీ పట్టినట్టు కాకుండా మాట్లాడినట్టు వినపడాలి. తర్వాత ఇంట్లో అక్కకో చిన్నాన్నకో వినిపించి, "నేనేం పని చేశానని అర్థమైంది?" అని అడగండి. వాళ్లు తిరిగి చెప్పగలిగితే జవాబు కుదిరినట్టే.

చిన్న జాగ్రత్త: పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటే సర్టిఫికెట్లు చూసే రోజు టెన్షన్. ఇంటర్వ్యూకో ట్రైనింగ్‌కో ముందుగా డబ్బు కట్టమంటే అక్కడికి పోనే పోకండి.

ఆ అమ్మాయి ఇంటర్వ్యూ అయ్యాక జడ్చర్ల బస్టాండ్ నుంచి ఫోన్ చేసింది. "కాంటా బుక్కు గురించే చానాసేపు అడిగిండ్రు సార్, మంచిగ చెప్పిన" అంది. కానీ ద్రావణం గాఢత చెప్పే మొలారిటీకి, నార్మాలిటీకి తేడా అడిగితే ఆగిపోయిందట. ఆ కంపెనీలో రాలేదు. ఆదివారం నోట్స్ పట్టుకుని మళ్లీ వచ్చింది, ఇద్దరం మొదటి సంవత్సరం కెమిస్ట్రీ నుంచి మొదలుపెట్టాం. వచ్చే పాఠం దాని గురించే: డిగ్రీ సబ్జెక్టులో ఏది, ఎంతవరకు తిరిగి చదవాలి.

అప్పటికి మీ పని: మీ కాగితంలోంచి ఒక్క పని ఎంచుకుని, అందులో ఒక అంకె, మీరు సరిదిద్దిన ఒక తప్పు ఉండేలా నిమిషం జవాబు రాసి, రికార్డ్ చేసి ఉంచండి. రాసింది మీ ల్యాబ్ నోట్‌బుక్‌తో పాటు దగ్గర పెట్టుకోండి, 5వ పాఠంలో రెండూ కావాలి.